తాతల నాటి పడవ: బాగు చేయించే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం ఎలా

"ఇంటి వెనక తాటాకుల కింద పాత పడవ ఒకటి బోర్లించి ఉంది. బాగు చేయిద్దామనుకుంటున్నాం. ఎంత పాతదో ఎట్లా తెలుస్తుంది?"

తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, వాకాడు వైపు నుంచి ఈ ప్రశ్న నాకు ఏటా నాలుగైదు సార్లు వస్తుంది. ఫొటో కూడా పంపుతారు. ఫొటో తెరిచి చూస్తే పడవకు అప్పటికే కొత్త నీలం రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. సగం చరిత్ర ఆ రంగు కిందకు పోయిందన్నమాట. అందుకే చేయాల్సిన పనులన్నీ ఒక వరసలో రాసి పెడుతున్నాను.

నేను వడ్రంగిని కాదు. మా పెదనాయన పడవ విషయంలో చేయకూడని తప్పులు చేసి నేర్చుకున్నవాడిని. మొదటి తప్పు, ఇద్దరు కూలీలను పెట్టి ముక్కు దగ్గర పాత తారు గీకించడం. తారుతో పాటు అక్కడ చెక్కిన అక్షరాలు కూడా పోయాయి. ఏవో రెండు అక్షరాలు, ఒక అంకె. అవేమిటో ఇప్పటికీ తెలియదు.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. పాత పడవకు ఒక్క వయసు ఉండదు. అడుగు ఒక కాలానిది, పక్కలు ఇంకో కాలానివి, ముక్కు మొన్నమొన్నటిది కావచ్చు. "ఎన్నేళ్లది?" అని కాకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎప్పుడు కట్టారు? ఏ భాగాన్ని ఎప్పుడు మార్చారు? ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వచ్చింది?

కావలసినవి

కొనాల్సినవి పెద్దగా ఏమీ లేవు.

- కొలత టేపు, సుద్దముక్క, లావుపాటి నోటు పుస్తకం
- ఫొటోలకూ మాటల రికార్డింగుకూ ఫోను
- టార్చి లైటు. ఫోను లైటు చాలదు, పక్క నుంచి వాలుగా వేయగలిగేది కావాలి
- చిన్న అయస్కాంతం, భూతద్దం
- పాత పళ్ల బ్రష్షు, నూలు గుడ్డ
- బటర్ పేపరు, మెత్తటి పెన్సిలు
- కాగితం కవర్లు. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ పట్టి ఇనుప మేకు ఇంకా తుప్పెక్కుతుంది
- మాస్కు, చేతి తొడుగులు, ఒక పొడుగాటి కర్ర

కర్ర ఎందుకో చెప్పాలా! బోర్లించిన పడవ కింద ఏళ్ల తరబడి చల్లగా ఉంటుంది. రక్తపింజరకు అంతకంటే మంచి చోటు దొరకదు. చెయ్యి పెట్టే ముందు కర్రతో నాలుగువైపులా తట్టండి.

1. పడవను ఉన్నచోటే ఉండనివ్వండి

తిప్పకండి, ఎత్తకండి, కడగకండి. ముఖ్యంగా ఎండలోకి లాగకండి. ఏళ్ల తరబడి నీడలోనో బురదలోనో ఉన్న చెక్క ఒక్కసారిగా మన ఎండ చూస్తే పలకలు నెర్రెలిస్తాయి. బురదలో తడిగా ఉన్న పడవైతే తడి గోనెసంచులు కప్పి, నీడలో వారాల తరబడి మెల్లగా ఆరనివ్వాలి. చెద పట్టి ఉంటే మాత్రం నేల తగలకుండా ఇటుకలు పెట్టక తప్పదు. నలుగురిని పిలిచి, ముందు ఫొటోలు తీసుకున్నాకే ఆ పని చేయండి.

2. ఫొటోలు, కొలతలు

ఉదయం ఎనిమిది లోపు గానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ తీయండి. నడినెత్తి ఎండలో ఉలి దెబ్బలు కనబడవు. ప్రతి ఫొటోలో టేపు కనబడాలి. కుడి, ఎడమ, ముక్కు, వెనక, లోపల, అడుగు అన్నీ తీశాక ఒక్కో పలకకు సుద్దతో నంబరు వేసి మళ్లీ తీయండి. తర్వాత వడ్రంగితో మాట్లాడేటప్పుడు "అదిగో ఆ పలక" అనే బదులు "ఎడమ నాలుగు" అనగలరు.

మొత్తం పొడవు, నడుమ వెడల్పు, లోతు, పలకల మందం రాసుకోండి. అడుగుల్లోనూ మీటర్లలోనూ రెండింట్లో రాయండి. ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.

3. ఏ రకం పడవో తేల్చుకోండి

మన వైపు ఇళ్లలో దొరికే పాతవి దాదాపుగా ఈ నాలుగింటిలో ఒకటి.

ఒకే మాను తొలిచి చేసింది దోనె. అడుగుకూ పక్కకూ మధ్య అతుకు ఉండదు, చెక్క నార తెగకుండా వంపు తిరుగుతుంది. లోపల బాడిస దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా కనబడతాయి. కొన్ని దోనెలకు లోతు చాలక పైన ఒక పలక వేసి ఎత్తు పెంచుతారు. ఆ పలక తర్వాతిదే అయి ఉంటుంది, దాన్ని చూసి వయసు కట్టకండి.

పలకల అంచుల వెంబడి జతలు జతలుగా బెజ్జాలుండి, కొబ్బరి తాడుతో కుట్టి ఉంటే కుట్టు పడవ. మసూలా పడవ అంటారు. మేకు ఉండదు. అలల మధ్య ఒడ్డుకు కొట్టుకునేటప్పుడు విరగకుండా వంగుతుంది కాబట్టి సముద్రం ఒడ్డున వాడేవాళ్లు.

లోపల వంపు కర్రలు నిలిపి, వాటికి పలకలు మేకులతో కొట్టింది మేకు పడవ. అడుగు చదునుగా ఉంటే పులికాట్ సరస్సులోనో కాలువలోనో తిరిగిందని అనుకోవచ్చు. మన ప్రళయ కావేరిలో (పులికాట్‌కు తెలుగు పేరు) చాలాచోట్ల నడుం లోతు నీళ్లు కూడా ఉండవు, గడ వేసి తోసే పడవకు అడుగు చదునుగా ఉండకపోతే కదలదు.

నాలుగోది తెప్ప, దుంగలు పక్కపక్కన పెట్టి కట్టింది. విడిపోయిన తెప్పను కట్టెలనుకుని పొయ్యిలో పెట్టిన ఇళ్లు నాకు రెండు తెలుసు. ముక్కు వైపు పైకి చెక్కిన దుంగలు కనబడితే ఆగండి.

చిత్తూరు వైపు మిత్రులు చెరువుల్లో తిరిగే పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) గురించి అడుగుతుంటారు. దాని అల్లిక, తోలు ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటారు, వస్తువును చూసి చరిత్ర తేల్చడం కష్టం. మాటల మీద, కాగితాల మీదే ఆధారపడండి. ఐదో మెట్టుకు వెళ్లిపోండి.

ఇక్కడ ఒక కిటుకు. మేకు పడవ అడుగున పనికిరాని బెజ్జాలు వరసగా ఉండి, వాటిలో చెక్క బిరడాలు కొట్టి ఉన్నాయేమో చూడండి. మా పెదనాయన పడవలో మూడు పలకలకు అలా ఉన్నాయి. అంటే ఆ పలకలు అంతకు ముందు ఏదో కుట్టు పడవలో బతికాయి. పాత పడవ విప్పి, మంచి పలకలు కొత్త పడవలో వేసుకోవడం మామూలే. అప్పట్లో పలక కోయించడమంటే మాటలా?

4. పడవ మీద రాసున్నది చదవండి

ఇది తొందరపడకుండా చేయాల్సిన పని. సాయంత్రం చీకటి పడ్డాక చేయండి. టార్చిని చెక్కకు దాదాపు ఆనించి, పక్క నుంచి వాలుగా వేయండి. పగలు నున్నగా కనబడిన చోట గీతలు లేస్తాయి. ముక్కుకు రెండు పక్కలు, లోపల అడ్డ దూలం కింద, తెరచాప కొయ్య నిలిపే గుంట చుట్టూ, చుక్కాని తగిలించే చోట వెతకండి.

గీత కనబడగానే గోరుతో గీకకండి. అక్షరాలు తేలాలని సుద్దపొడి, పసుపు రుద్దేవాళ్లున్నారు. అది నారలోకి పోయి కూర్చుంటుంది, మళ్లీ రాదు. బటర్ పేపరు పరిచి పెన్సిలును పడుకోబెట్టి రుద్దితే చాలు, గుర్తు కాగితం మీదకు దిగుతుంది.

చదవడంలో ఎక్కువమంది పడే పొరపాట్లు ఇవి.

పులికాట్ చుట్టూ తెలుగు, తమిళం రెండూ ఉన్నాయి. పని చేసిన వడ్రంగి తమిళం రాసేవాడై ఉండవచ్చు. పని మొదలుపెట్టేటప్పుడు తమిళులు పైన పిళ్లయార్ సుళి పెడతారు, మనం శ్రీకారం చుట్టినట్టు. అది తమిళ ఉకారంలా ఉంటుంది. పాత తమిళ లెక్కలో రెండు అంకె కూడా దాదాపు అదే ఆకారం. ఒకాయన దాన్ని అంకె అనుకుని "రెండో నంబరు పడవ, మొదటిది ఎక్కడుందో" అని ఆరు నెలలు వెతికాడు. వినాయకుడిని వెతికినట్టయింది.

తెలుగు అంకెలు ౧, ౨, ౩ తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ. ౬ను, ౯ను తిరగేసి చదవడం, ౦ను సున్నా అనుకోవాలా అలంకారం అనుకోవాలా తెలియకపోవడం మామూలే. కాపీ తీసుకుని ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఇద్దరూ ఒకటే చదివితేనే రాసుకోండి.

"62" అని రెండంకెలే ఉంటే అది సంవత్సరమని తేల్చేయకండి. పడవ నంబరు కావచ్చు, పలకల లెక్క కావచ్చు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఐ.ఎన్.డి., ఏ.పి. అని మొదలయ్యే నంబరు ఉంటే అది పాతది కాదు. 2008 ముంబయి దాడుల తర్వాత చేపల పడవలన్నిటినీ ఆన్‌లైన్‌లో నమోదు చేయడం మొదలుపెట్టినప్పటి పద్ధతి అది. పడవ పాతదైనా నంబరు కొత్తది. ఒక రకంగా మీకు అదృష్టమే, ఆ నంబరుతో యజమాని పేరు మత్స్యశాఖలో దొరకాలి.

అతుకులను కూడా చదవండి. మా పడవ లోపల కుడి పక్క చిల్లుకు ఎవరో రేకు ముక్క కొట్టారు. నూనె డబ్బా కత్తిరించిన రేకు. పెదనాయన ఆ పడవ "దొరల కాలం నాటిది" అని ప్రమాణం చేసి చెప్పేవాడు. తుప్పు మెల్లగా తుడిచి భూతద్దంతో చూస్తే రేకు మూల బరువు కిలోల్లో అచ్చేసి ఉంది. మన దేశంలో కిలోలు 1958 నుంచి మెల్లగా మొదలై 1962కల్లా తప్పనిసరి అయ్యాయి. ఆ రేకు దొరల కాలంలో పడే వీలే లేదు. పెదనాయనకు చూపిస్తే, "రేకు కొత్తది, పడవ పాతది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మాట కూడా సరైనదే. రేకు రేకు కాలాన్నే చెబుతుంది. దాన్నిబట్టి ఆ అతుకు 1958కి ముందుది కాదు అనగలం, పడవ గురించి ఏమీ అనలేం. ప్రతి ఆనవాలునూ ఇలాగే రాసుకోండి: "ఫలానా భాగం ఫలానా ఏడాదికి ముందుది కాదు."

మేకుల సంగతి. కమ్మరి కొలిమిలో చేసిన మేకు కాడ నలుపలకగా ఉండి చివరకు సన్నబడుతుంది, ఏ రెండు తలలూ ఒకేలా ఉండవు. మర మేకు కాడ గుండ్రంగా ఉంటుంది, తలలన్నీ ఒకటే. అయస్కాంతం అంటుకోకపోతే రాగి కావచ్చు. అయితే కమ్మరి మేకు కనబడగానే వందేళ్లు అనకండి. ఊళ్లో కొలిమి ఉన్నంత కాలం కమ్మరి మేకులు వచ్చాయి. ఊడి పడిన మేకును కవర్లో వేసి, ఏ పలకదో పైన రాయండి. బిగుసుకున్న మేకును పీకకండి.

రంగు పొరలు చూడాలంటే పడవంతా గీకనక్కర్లేదు. కనబడని చోట రూపాయి బిళ్లంత మేర, నీళ్లు అద్దిన సన్న గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి. వలయాలు వలయాలుగా పొరలు బయటపడతాయి, కింద నుంచి పైకి లెక్కపెట్టండి. మాస్కు తప్పనిసరి, పొడిగా రుద్దడం అసలు వద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి మన దగ్గర గట్టి పరిమితి వచ్చింది 2017 నవంబరులోనే. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి, రుద్దిన నీళ్లు బావి దగ్గర పారబోయకండి.

5. పెద్దవాళ్లతో మాట్లాడండి

కాగితాల కంటే ముందు ఇది చేయండి. కాగితాలు మరో ఏడాది ఆగుతాయి.

"ఈ పడవ ఎన్నేళ్లది?" అని అడిగితే "శానా పాతది నాయనా" అంటారు, అంతే. తేదీలు అడగకండి, గుర్తుండే సంఘటన పక్కన పెట్టి అడగండి. మన వైపు పనికొచ్చేవి ఇవి.

- శ్రీహరికోటలో షార్ రాకముందా, వచ్చాకా? 1969లో చోటు ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో తొలి చిన్న రాకెట్ ఎగిరింది.
- కాలువలో మద్రాసుకు సరుకు పడవలు ఇంకా పోతున్నాయా? 1965, 66 తుపానుల దెబ్బ తర్వాత బకింగ్‌హాం కాలువ మళ్లీ సరిగా కోలుకోలేదు.
- ఎమర్జెన్సీ అప్పుడు (1975–77) ఈ పడవ ఉందా?
- రామారావు ముఖ్యమంత్రి అయ్యాకా, ముందా? 1983 జనవరి.
- 1984 నవంబరు తుపానులో ఏమైంది?
- సునామీ నాటికి (2004 డిసెంబరు 26) ఇది నీళ్లలో ఉందా, గట్టున ఉందా?

ఇలా అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. "షార్ వాళ్లు మమ్మల్ని దీవి నుంచి పొమ్మన్నప్పుడు సామాను ఈ పడవలోనే వేసుకొచ్చినాం" అని ఒక అవ్వ చెప్పిందంటే, మీకు ఒక ఏడాది, ఒక ఊరు, ఒక కుటుంబం మూడూ దొరికినట్టు.

ధర అడగండి. "ఎంతకు కొన్నారు, అప్పు ఎవరిచ్చారు?" తేదీ మరిచిపోయినవాళ్లు అప్పు మరిచిపోరు. అప్పిచ్చిన ఇంట్లో పద్దు పుస్తకం ఉండవచ్చు.

ఆడవాళ్లను వేరుగా అడగండి. చేప అమ్మింది, రొయ్య ఎండబెట్టింది, ఇంటి లెక్క చూసింది వాళ్లు. మగవాళ్లు పక్కనుంటే "నాకేం తెలుసు, ఆయన్నడుగు" అంటారు. మా అవ్వ అలాగే అనేది. ఒకరోజు చింతపండు ఒలుస్తూ ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే, పడవ పక్కలు మార్పించడానికి తన గాజులు కుదవ పెట్టిన సంగతి, ఆ ఏడాదే మా చిన్నాయన పుట్టిన సంగతి చెప్పింది. చిన్నాయన స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన ఏడాది 1963. రేకు మీది కిలోలకు ఈ మాట సరిపోయింది.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగడం పెద్ద పొరపాటు. ఒకరు గట్టిగా చెబితే మిగిలినవాళ్లు తలూపుతారు, తర్వాత అదే అందరి జ్ఞాపకమైపోతుంది. ఒక్కొక్కరిని విడిగా కలవండి. రికార్డు చేసేముందు అడిగి చేయండి.

పాత వడ్రంగి బతికుంటే పడవ దగ్గరకే తీసుకురండి. ఫొటో చూపిస్తే లాభం లేదు. మా దగ్గరకు వచ్చిన పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా పలకల మీద అరచేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి, ముక్కు దగ్గర ఆగి, "ఈ పలక నేను వేసింది కాదు. నేను వేసుంటే మేకు తల పైకి లేవదు" అన్నాడు. "తుపాను తర్వాత ఎవరో తొందరపనిగా చేసినారు" అని కూడా అన్నాడు. తుపాను ఏదని అడిగితే తన కూతురి పెళ్లి లెక్క కట్టి 1984కు తేల్చాడు. నేను తారు గీకించి పాడుచేసింది ఆ ముక్కే. పోయిన అక్షరాలు మరీ పాతవి కావని అప్పుడు కాస్త ఊరట కలిగింది.

6. పెట్టెలో కాగితాలు

పడవకు దస్తావేజు ఉండదు. అది స్థిరాస్తి కాదు కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీస్తే ఏమీ రాదు, డబ్బు దండగ. వెతకాల్సినవి అన్నదమ్ముల పంపకాల చీటీ, వీలునామా, ప్రోనోట్లు, మత్స్యకార సహకార సంఘం అప్పు పుస్తకం, వల కొన్న రసీదు, పెళ్లి ఫొటోలు. పెళ్లి ఫొటోల్లో జనం వెనక పడవ కనబడుతుంది, వదలకండి.

చదివేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి.

తేదీ తెలుగు సంవత్సరంలో ఉండవచ్చు. "ప్లవ నామ సంవత్సరం" అంటే 1961–62. కానీ అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది, 1901–02 కూడా ప్లవే. కాగితం మీద అణాలు, స్టాంపు మీద రాజు బొమ్మ, రాసినవాడి పేరు చూసి ఏ చుట్టో తేల్చుకోండి. ఇంకో సంగతి, తెలుగు ఏడు ఉగాదితో మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల కాగితమైతే ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాది (ఈ ప్లవకు 1962) వేసుకోవాలి.

రెండోది "పుట్టి" అనే మాట. "పుట్టి ఒకటి" అంటే తోలు పుట్టి కావచ్చు. "ఐదు పుట్ల పడవ" అంటే ధాన్యం కొలత, పడవ మోయగల బరువు. పుట్టికి ఇరవై తూములు. ఊరికో తూము ఉండేది కాబట్టి దాన్ని కిలోల్లోకి మార్చబోకండి. ఉన్న మాట ఉన్నట్టే రాసుకోండి.

7. కాగితాన్ని పడవతో కొలిచి చూడండి

పెట్టెలో పడవ కాగితం దొరికిందంటే అది ఈ పడవదే అనుకుంటాం. అక్కడే చాలామంది బోల్తా పడతారు. సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊరి దేవత చెంగాలమ్మ పేరు పెట్టిన పడవలు ఎన్నని? ఒకే ఇంట్లో తాత పడవ, తండ్రి పడవ, కొడుకు పడవ మూడింటికీ అదే పేరు ఉంటుంది. పాతది చితికిపోతే పేరు కొత్తదానికి ఎక్కుతుంది.

అందుకే రెండో మెట్టులో కొలతలు రాయమన్నాను. కాగితంలో బారలు, మూరలు ఉంటే బార సుమారు ఆరడుగులు, మూర అడుగున్నర. "నాలుగు బారల పడవ" అంటే 24 అడుగులకు అటూఇటూ. మీ పడవ 23 వస్తే సరే అనుకోవచ్చు, 17 వస్తే ఆ కాగితం వేరే పడవది. మనిషి చేతులు చాపి కొలిచిన లెక్క కదా, అడుగు తేడాకు కంగారు పడకండి.

8. ఆఫీసులు

ముందు మీ గ్రామ సచివాలయంలో మత్స్యశాఖ సహాయకుడిని కలవండి. నంబరున్న పడవైతే పని అక్కడి నుంచే మొదలవుతుంది. పాత రికార్డు కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. సూళ్లూరుపేట వైపు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందంతా నెల్లూరు జిల్లా. అందుకని తిరుపతిలో "మా దగ్గర లేదు" అంటే నిజంగానే లేకపోవచ్చు, నెల్లూరులో అడగండి. శ్రీకాళహస్తి వైపువాళ్లకు చిత్తూరు. నన్ను ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నాలుగుసార్లు తిప్పారు. ఐదోసారి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. జిల్లా ఆఫీసుకు రుసుము పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "పడవ వివరాలు ఇవ్వండి" అని రాస్తే రాదు. ఏ ఊరు, ఏ సంఘం, ఏ సంవత్సరాల మధ్య, ఏ రిజిస్టరు అని విడమర్చి రాయండి.

1953 అక్టోబరుకు ముందు మనది మద్రాసు రాష్ట్రం. అప్పటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ ఇంటి పడవ పేరు అక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కాలువలో బాడుగకు తిరిగిన సరుకు పడవైతే మాత్రం ప్రయత్నించవచ్చు. 1890 నాటి మద్రాసు కాలువల చట్టం కింద కాలువ పడవలకు లైసెన్సు, సుంకం ఉండేవి. శ్రీహరికోట కట్టెలు, ఉప్పు మద్రాసుకు పోయింది ఆ దారినే. ఒడ్డు చేపల పడవకు ఈ ప్రయాణం దండగ.

9. చెక్క ఏదో తెలుసుకోవడం

రంగు చూసి చెప్పకండి, ఉప్పు నీళ్లు తాగిన ఏ చెక్కైనా నల్లబడుతుంది. అనుభవమున్న వడ్రంగి చిన్న పెళ్ల తీసి వాసన చూసి టేకో మద్దో చెప్పగలడు. రాతపూర్వకంగా కావాలంటే బెంగళూరులోని చెక్క విజ్ఞాన సంస్థ (ఐ.డబ్ల్యు.ఎస్.టి.) నమూనా చూసి జాతి చెబుతుంది. ఎంత ముక్క కావాలో, రుసుమెంతో ముందు ఫోను చేసి కనుక్కోండి. చెక్క జాతి తెలిస్తే వడ్రంగి అదే జాతి పలక తెస్తాడు, దాని వల్ల లాభం అంతవరకే. పడవ వయసు దాంతో తేలదు. కార్బన్ పరీక్ష చేయిస్తామనేవాళ్లను నమ్మకండి. గత రెండు మూడు వందల ఏళ్ల వస్తువుకు అది సరైన ఏడాది ఇవ్వలేదు, పైగా అది చెప్పేది చెట్టు కాలం, పడవ కట్టిన కాలం కాదు.

ఒక హెచ్చరిక. గీకితే ఎర్రగా ఉందని "ఎర్రచందనం పడవ" అని ఊళ్లో అనకండి. ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది, దాంతో పడవ ఎవరు కడతారు? మన జిల్లాలో ఆ మాట బయటకు పోతే రాత్రి దొంగలు, పగలు అటవీశాఖ వాళ్లు వస్తారు. పడవను లారీలో వేరే ఊరికి తరలించాలన్నా, పాత టేకు పలకలు అమ్మాలన్నా ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అనుమతి అవసరమేమో అడగండి. రిసార్టుల కోసం పాత పడవలు కొనేవాళ్లు "కాగితాలేవీ అక్కర్లేదు" అంటారు. పట్టుబడితే లారీలో ఉండేది మీ పడవే.

10. అన్నీ ఒక కాగితం మీదకు తెచ్చి సరిచూసుకోండి

ఒక పెద్ద కాగితం మీద పడవ బొమ్మ గీయండి. అందం అక్కర్లేదు, పలకల నంబర్లుంటే చాలు. ఒక్కో భాగం పక్కన ఏం తెలిసిందో, ఎలా తెలిసిందో రాయండి. "పడవ చెప్పింది", "మనిషి చెప్పింది", "కాగితం చెప్పింది" అని మూడు రంగుల పెన్నులు వాడండి. ఒక విషయానికి రెండు రంగులు పడితే నమ్మండి. ఒకటే రంగు ఉంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఒకే మాట నలుగురు మనుషులు చెప్పినా అది ఒక రంగే, నలుగురూ ఒకరి దగ్గరే విని ఉండవచ్చు.

మా పడవకు చివరకు తేలింది ఇది. అడుగులో మూడు పలకలు పాత కుట్టు పడవవి, ఏ కాలానివో తెలియదు, ప్రశ్నార్థకం. పక్కలు 1963 ప్రాంతంలో మార్చినవి, రేకు, అవ్వ మాట, సర్టిఫికెట్ మూడూ కలిశాయి. ముక్కు 1984 తుపాను తర్వాతది, వడ్రంగి మాట, కొత్త మర మేకులు. "దొరల కాలం" అన్న పెదనాయన మాట ఆ మూడు పలకలకు వర్తిస్తుందేమో, వర్తించకపోవచ్చు. ఆయనతో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

వందేళ్లు దాటిందని గట్టి ఆధారాలు దొరికితే అమ్మడానికో విదేశాలకు పంపడానికో ముందు పురావస్తు శాఖను అడగండి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువులు పురావస్తువుల కిందకు రావచ్చు.

11. ఇప్పుడు వడ్రంగిని పిలవండి

ఆ బొమ్మ ఆయన చేతిలో పెట్టండి. తీయకూడని పలకలకు సుద్దతో గుండ్రం చుట్టండి. పుచ్చిపోయి తీయక తప్పని పలకను కూడా పారేయనివ్వకండి. నంబరు రాసి అటక మీద పెట్టండి, బెజ్జాల వరస దాని మీదే ఉంది. తారు, గుగ్గిలం వేసేముందు చెక్కిన గుర్తుల మీద బటర్ పేపరు అతికించమనండి.

కొత్తగా వేసే ప్రతి పలక లోపలి వైపు, రంగు పడని చోట, వేసిన తేదీ చెక్కించండి. సంవత్సరం నాలుగంకెల్లో పూర్తిగా ఉండాలి. పక్కన వడ్రంగి పేరు కూడా చెక్కమనండి.